ఉప్పు తిన్న రేకుకు నీళ్లు తాగించాలి

అండమాన్‌లో సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయేవాడు అనుభవమున్నవాడైతే ముందు కిలోమీటర్ల మీటరు చూడడు. కిందికి వంగి డోరు అడుగు అంచు వెంట వేలు పోనిచ్చి తడుముతాడు. అక్కడ రంగు కింద చిన్న చిన్న పొక్కులు తగిలాయంటే బేరం అక్కడికక్కడే దిగిపోతుంది.

చూడటానికి పొక్కు చిన్నదే. గోటితో గిల్లితే రంగు పెచ్చుగా లేచి వస్తుంది, కింద ఎర్రటి పొడి. స్క్రూడ్రైవర్ మొనతో ఇంకాస్త గుచ్చితే ఒక్కోసారి మొన అవతలికి దిగిపోతుంది. రేకు ఎప్పుడో పోయింది. ఇన్నాళ్లూ డోరుకు ఆకారం నిలబెట్టింది పైనున్న రంగూ, దాని కింద లప్పమూ. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో కేంద్రం శ్రీ విజయపురంగా మార్చింది గానీ, జనం నోట ఇంకా పాత పేరే ఎక్కువ. విశాఖపట్నం నుంచి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలెక్కి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. 2011 జనగణన నాటికి దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి 13 మందికి పైగానే. బెంగాలీ, తమిళం తర్వాత మూడో స్థానం తెలుగుదే. జంగ్లీఘాట్ చేపల రేవులో కాసేపు నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడకుండా ఉండదు. ఆ రేవు నుంచి సరుకు మోసే బండ్లూ, ఊళ్లో తిరిగే ఆటోలూ, కార్లూ ఎవరివైనా, వాటన్నిటికీ ఉన్న జబ్బు ఒకటే.

తుప్పు ఎలా పడుతుందో బడిపాఠంలో చదువుకున్నదే. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్. ఈ మూడూ కలిస్తే చాలు. రేకు మీద ఒకచోట ఇనుము కొద్దికొద్దిగా కరిగి ఎలక్ట్రాన్లు వదులుతుంది. పక్కనే ఇంకోచోట నీళ్లూ ఆక్సిజనూ కలిసి వాటిని అందుకుంటాయి. మధ్యలో ఉన్న తడి పొర తీగలాగా పనిచేస్తుంది. అంటే తుప్పు పట్టడమంటే కంటికి కనపడని బ్యాటరీ ఒకటి రేకు మీద పనిచేస్తూ ఉండటమే. మంచినీళ్లలో ఈ బ్యాటరీ మెల్లగా నడుస్తుంది. అందులో ఉప్పు కలిస్తే విద్యుత్తు పారే దారి బాగా సుగమమవుతుంది. గాలిలోని తేమను ఉప్పు తనంతట తానే లాక్కుంటుంది గనుక, పైకి పొడిగా కనిపించే రేకు కూడా లోలోపల తడిగానే ఉంటుంది.

ఉప్పులోని క్లోరైడ్‌కు ఇంకో చెడ్డ గుణం ఉంది. అది ఇనుమును తినడానికి సాయపడుతుంది కానీ తాను ఖర్చయిపోదు. ఒక గుంటలో పని ముగిస్తే అక్కడే తుప్పు అడుగున దాక్కుని మళ్లీ మొదలుపెడుతుంది. పైపైన గోకి రంగు వేస్తే అది రంగు కింద హాయిగా కాపురం చేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, రంగు కింద మిగిలిన ఉప్పును ఎంత ఖరీదైన పెయింటూ ఆపలేదు. రంగు పొర గుండా తేమను అది లోపలికి లాగుతుంది. పొక్కు లేస్తుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుముకన్నా కనీసం రెండింతలు, ఒక్కోసారి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును చీల్చుకుని బయటపడుతుంది.

తీరానికి ఎంత దగ్గరగా ఉంటే అంత నష్టం. అమెరికాలో నార్త్ కరోలినా తీరాన క్యూర్ బీచ్ అనే చోట దశాబ్దాల పాటు లోహపు ముక్కలను ఆరుబయట పెట్టి పరీక్షించారు. అలలకు 80 అడుగుల దూరంలో పెట్టిన ఉక్కు, 800 అడుగుల దూరంలో పెట్టిన ఉక్కుకన్నా సుమారు 12 రెట్లు వేగంగా తుప్పు పట్టింది. రెంటికీ వానా ఎండా ఒకటే, గాలిలో ఉప్పు పాలే వేరు. పోర్ట్ బ్లెయిర్‌లో బండిని సముద్రానికి దూరంగా పెట్టమని సలహా ఇవ్వొచ్చు కానీ, ఎంత దూరం పెడతారు? ఊరికి మూడు పక్కలా నీళ్లే.

వాతావరణం ఎంత తుప్పు పుట్టిస్తుందో వర్గాలుగా విడదీసే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 9223. అందులో 'చాలా ఎక్కువ' అనే సి5 వర్గంలో, పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలోనే 80 నుంచి 200 మైక్రాన్ల మందం పోగొట్టుకుంటుంది. కారు బాడీ రేకు మందం సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, అంటే 700 నుంచి 800 మైక్రాన్లు. రంగు పోయిన చోట రేకు ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

పైగా అండమాన్‌లో వానలు రెండు దఫాలు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపి పోతాయి. మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక వాన. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, హైదరాబాద్‌లో పడేదానికి మూడున్నర రెట్లకు పైనే.

ఇన్ని వానలు ఉప్పును కడిగేయవా అన్న అనుమానం వస్తుంది. కడుగుతాయి, వాన తగిలిన చోట. అందుకే కారు టాపు మీదకన్నా చక్రాల పైనున్న మడ్‌గార్డుల లోపలి వైపు, డోరు కింది మడతల్లో, డిక్కీ అడుగున, చాసిస్ పెట్టె గొట్టాల్లో తుప్పు ముందు పడుతుంది. ఉప్పుగాలి అక్కడికి చేరుతుంది, వాననీరు చేరదు. బురద ఒకటి తోడైతే ఆ తడి రోజుల తరబడి ఆరదు. కారుకు గుడ్డ కప్పి సముద్రపు గాలికి ఎదురుగా నిలబెట్టేవాళ్లు మంచి చేస్తున్నామనుకుంటారు. ఉప్పు పట్టిన కారును కడగకుండా గుడ్డ కప్పితే తడిని దాచిపెట్టినట్టే.

ఉప్పు వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. చాతం జెట్టీ నుంచి బాంబూఫ్లాట్‌కు వెళ్లే వాహనాల ఫెర్రీలో బండి డెక్కు మీద నిలబడి దాటుతుంది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద ఉత్తరానికి పోతే మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సులూ కార్లూ పంటు ఎక్కి బారాటాంగ్ ఒడ్డున దిగాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ర్యాంపు మీది ఉప్పునీళ్లు టైర్లతో చిమ్మి అడుగు భాగానికి తగులుతాయి. చేపల బండ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ట్రేల్లోని ఐసు కరిగి, చేపల ఉప్పునీరుతో కలిసి, రోజూ రేకు మీద కారుతూనే ఉంటుంది. 2004 డిసెంబరు 26 సునామీలోనైతే బండ్లు ఏకంగా సముద్రపు నీటిలోనే మునిగాయి. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగి, సిప్పీఘాట్ లాంటి లోతట్టు ప్రాంతాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మునిగిన కారు ఆరిపోయినా ఆ ఉప్పు సందుల్లోనే మిగులుతుంది.

ఇక తుప్పు వదిలించే పని. టింకరింగ్ షెడ్డులో మామూలుగా జరిగేది అందరికీ తెలుసు. గ్రైండర్‌కు వైర్ బ్రష్ బిగిస్తారు, మెరిసేదాకా రుద్దుతారు, లప్పం పెడతారు, ఎమెరీ పేపర్ కొడతారు, రెడ్ ఆక్సైడో ప్రైమరో కొట్టి రంగు వేస్తారు. హైదరాబాద్‌లో ఆ పని అయిదారేళ్లు నిలిచినా నిలవొచ్చు. ద్వీపంలో తర్వాతి వానాకాలానికే పొక్కులు కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

లోపం మొదటి అడుగులోనే ఉంది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలన్న సామెత ఈ రేకుకు అక్షరాలా వర్తిస్తుంది. బ్రష్ ముట్టుకోకముందే ఆ భాగాన్ని సబ్బునీళ్లతో గ్రీజు పోయేలా కడిగి, మంచినీళ్లతో పుష్కలంగా జాడించాలి. అలా కాకుండా ముందే గ్రైండర్ పెడితే, పైనున్న ఉప్పునూ జిడ్డునూ బ్రష్ తీగలు గుంటల్లోకి కుక్కుతాయి. ఇదేమీ కొత్త ఉపదేశం కాదు. ఓడలకు రంగులేసే యార్డుల్లో ఇది మొదటి నియమం. కారు షెడ్లలో నీళ్ల గొట్టం ఎక్కడో వెనక ఉంటుంది, గ్రైండర్ చేతికి అందుబాటులో ఉంటుంది, అంతే తేడా.

వైర్ బ్రష్ ఇంకో మోసం కూడా చేస్తుంది. వేగంగా తిరిగే బ్రష్ తుప్పును తీయడంతో పాటు మిగిలిన తుప్పుకు మెరుగు పెడుతుంది. దూరం నుంచి రేకు తళతళలాడుతుంది. దగ్గరగా, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే, మెరుపు మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే గుంటలు. సూది మొనంత గుంట అడుగున నల్లటి తుప్పు, దాని కింద క్లోరైడ్. వాటిని తీయాలంటే 80 నంబరు ఎమెరీ లేదా ఫ్లాప్ డిస్క్ కావాలి, మూలల్లో చిన్న స్క్రేపర్ కావాలి. అదే సమయంలో రేకు పలచబడకుండా చూసుకోవాలి. ముప్పావు మిల్లీమీటరు రేకు మీద గ్రైండర్ ఒకేచోట ఆపి ఉంచితే వేడికి వంకర పోతుంది, ఇంకాస్త ఆపితే చిల్లే.

శాండ్ బ్లాస్టింగ్ గుంటల అడుగుదాకా వెళ్లగలదు. చాసిస్, చక్రాల రిమ్ములు, సస్పెన్షన్ చేతుల వంటి మందపాటి భాగాలకు దాన్ని మించింది లేదు. పలచటి డోరు రేకు మీద మాత్రం ఒత్తిడి తగ్గించి చాలా జాగ్రత్తగా వాడాలి, లేకుంటే రేకు అలలు తిరుగుతుంది. పొడి ఇసుక వాడితే లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బు నయం కాదు. ముక్కుకు కండువా కట్టుకున్నంత మాత్రాన ఆ దుమ్ము ఆగదు. గార్నెట్ లాంటి బదులు పదార్థాలు, సరైన మాస్కు లేని చోట ఈ పని చేయించకపోవడమే మేలు. పాత బండ్ల అడుగు పొరల్లో సీసం కలిసిన రంగులు ఉండొచ్చు కనుక, వాటిని పొడిగా కాకుండా తడిపి రుద్దడం మంచిది.

రుద్దడానికి వీలులేని చోట్లకు రసాయనాలు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమిన ఇళ్లలో ఈ సూత్రం విడమరచి చెప్పక్కర్లేదు. పులుపు లోహపు ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఇనుపతుప్పు మీద బాగానే పనిచేస్తుంది. బ్రాకెట్లు, కీళ్లు, బోల్టులు లాంటి చిన్న భాగాలను గోరువెచ్చని ద్రావణంలో కొన్ని గంటలు నానబెట్టి, తోమి, కడిగేస్తే శుభ్రంగా వస్తాయి. బెల్లపు మడ్డి నీళ్లలో వారాల తరబడి నానబెట్టే పద్ధతి పాత కార్లు బాగుచేసేవాళ్లలో చాలా దేశాల్లో ఉంది. వాసన భరించగలిగితే పని మెత్తగా, లోహానికి హాని లేకుండా సాగుతుంది.

బజారులో చవగ్గా దొరికే బాత్రూం యాసిడ్‌తో మాత్రం జాగ్రత్త. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నిమిషాల్లో తుప్పును కరిగించి కళ్లు చెదిరేలా రేకును తెల్లబరుస్తుంది. అందుకే కొన్ని షెడ్లలో దానికి గిరాకీ. కానీ దాని పేరులోనే క్లోరైడ్ ఉంది. సముద్రం ఏ విషాన్ని రేకులోకి పంపిందో అదే విషాన్ని సీసాతో పోసినట్టవుతుంది. సందుల్లో మిగిలిన చుక్క చాలు. స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టుల మీద ఇది ఇంకా ప్రమాదం. ఆమ్లం నుంచి పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది, బరువు పడ్డప్పుడు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. జింక్ పూత ఉన్న కొత్త కార్ల రేకు మీద పోస్తే తుప్పుకన్నా ముందు ఆ రక్షణ పూతే కరిగిపోతుంది.

ఫాస్ఫారిక్ ఆమ్లానిది మరో దారి. అది తుప్పును కరిగించడంతో ఆగదు, ఇనుముతో కలిసి ఐరన్ ఫాస్ఫేట్ అనే గట్టి పొరను మిగులుస్తుంది. 1906లో ఇంగ్లండ్‌లో థామస్ వాట్స్ కాస్లెట్ ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాని వారసత్వమే నేటి కార్ల కర్మాగారాల్లో రంగుకు ముందు ఇచ్చే ఫాస్ఫేట్ స్నానం. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం 1,600 ఏళ్లుగా నిలవడానికి కూడా ఫాస్ఫరస్‌తో సంబంధం ఉంది. ఆ ఇనుములో ఫాస్ఫరస్ పాలు ఎక్కువని, తుప్పు కిందే ఒక రక్షణ పొర ఏర్పడడానికి అది తోడ్పడిందని ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించి చూపారు. ఢిల్లీ గాలి పొడిగా ఉండటమూ దానికి కలిసొచ్చింది. అదే స్తంభం సముద్రపు ఒడ్డున నిలబెట్టి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

దుకాణాల్లో 'రస్ట్ కన్వర్టర్' పేరుతో అమ్మే సీసాల్లో చాలావాటిలో ఉండేవి ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిక్ ఆమ్లం. రెండో దాని సంగతి శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు పాత పరిచయం. వాళ్లు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి ఒక ద్రవం తీస్తారు. ముందుగా కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ద్రవంతో గీత గీస్తే అది నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుముతో కలిసి కడిగినా పోని నలుపుగా మారుతుంది. ఎర్రటి తుప్పు మీద కన్వర్టర్ పూయగానే నీలినలుపు రంగు తిరిగేది కూడా ఈ రసాయన చర్యతోనే. రేకు మీద ఆ నలుపు తుప్పును కదలకుండా బిగించి, రంగు పట్టేందుకు పునాది అవుతుంది.

కానీ కన్వర్టర్ సీసా మీద రాసినంత మాయ అందులో లేదు. అది పనిచేసేది గట్టిగా అంటుకున్న పలచటి తుప్పు మీదే. పెచ్చులు లేచే తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, అడుగున పాత కథే నడుస్తుంది. రెండోది, అది ఉప్పును ఏమీ చేయలేదు. కడగని రేకు మీద కన్వర్టర్ పూయడం అండమాన్‌లో డబ్బు దండగ. ఫాస్ఫారిక్ రకం వాడినప్పుడు మిగిలిన ఆమ్లాన్ని తుడిచి కడిగేయకపోతే దాని మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు, పట్టూ ఉండదు.

కరెంటుతో తుప్పు వదిలించే పద్ధతి అందరికీ తెలియదు గానీ చిన్న భాగాలకు చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, అందులో బట్టల సోడా. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగను మామూలు ఇనుప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచాలి. కొన్ని గంటల్లో తుప్పు వదులై నల్లటి మడ్డిగా రాలుతుంది. మంచి లోహం అరగదు. ఇక్కడ మూడు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలో కలుస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. స్ప్రింగులకు, గట్టి బోల్టులకు ఈ పద్ధతి కూడా వద్దు. అక్కడా హైడ్రోజన్ భయమే.

ఈ పద్ధతికి అదనపు లాభం, గుంటల్లోని క్లోరైడ్‌ను కూడా కొంత బయటికి లాగుతుంది. సముద్రంలో దొరికిన పాత ఫిరంగులను మ్యూజియంలవారు బాగుచేసేది ఇలాంటి పద్ధతులతోనే. అమెరికా అంతర్యుద్ధంలో మునిగిన హన్లీ అనే జలాంతర్గామిని 2000లో పైకి తీశారు. దాని ఇనుములో ఇంకిన ఉప్పును వదిలించడానికి 2014లో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి నీళ్లు మారుస్తూ పోయారు. కారు డోరుకు అన్నేళ్లు అక్కర్లేదు గానీ, ఉప్పు ఎంత మొండిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఉప్పు పోయిందో లేదో తెలిసేదెలా? ఓడలవాళ్లకు కొలతలున్నాయి. ఓడల బ్యాలస్ట్ ట్యాంకులకు పూత వేసే ముందు ఉక్కు మీద కరిగే ఉప్పు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో ఆమోదించిన ప్రమాణం చెబుతుంది. దాన్ని కొలవడానికి చిన్న అతుకు అంటించి నీళ్లు ఎక్కించి తీసే పరికరం ఉంది. షెడ్డులో అంత సరంజామా అక్కర్లేదు. శుభ్రం చేసిన రేకును మంచినీళ్లతో తుడిచి, తేమగా ఉన్న చోట ఒక రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి ఎక్కడ మచ్చలు ముందుగా, ముదురుగా తేలతాయో అక్కడ ఉప్పు మిగిలినట్టే. మళ్లీ రుద్ది, మళ్లీ కడగాలి. వీలైతే వేడినీళ్లతో, ప్రెషర్ వాషర్‌తో. ఈ కడుగుడు రెండు మూడు దఫాలు నడిపించే పెయింటర్ దొరికితే అతను అడిగిన కూలీ ఇవ్వడమే న్యాయం.

కడిగాక ఆరబెట్టడం మరో పరీక్ష. గాలిలోని తేమ చల్లటి వస్తువు మీద నీరుగా మారే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలన్నది పారిశ్రామిక పెయింటింగ్‌లో నియమం. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు డ్యూ పాయింట్ సుమారు 26 డిగ్రీలు. తేమ 85 శాతమైతే 27 దాటుతుంది. అంటే పోర్ట్ బ్లెయిర్‌లో మామూలు వానాకాలపు సాయంత్రం రేకు కాస్త చల్లబడితే చాలు, కంటికి కనపడని తడి దాని మీద చేరుతుంది. ప్రైమర్ ఆ తడి మీద కూర్చుంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పొద్దెక్కాక, మధ్యాహ్నంలోపు ప్రైమర్ కొట్టేయడం మేలు. శుభ్రం చేసిన రేకును రేపటికి వదిలేస్తే దాని మీద పలచటి కొత్త తుప్పు మొదలైపోయి ఉంటుంది.

ఇక్కడే ద్వీపవాసులకు అసలు చిక్కు. రంగుకు అనువైన ఆ పొడి నెలల్లోనే మంచినీళ్లకు కటకట. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన ఆధారం ధనిఖారి జలాశయం. ఎండాకాలంలో అందులో మట్టం పడిపోతే కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా వస్తాయి. తాగడానికే చాలని నీళ్లతో డోర్లు కడగమనడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. దీనికి తెలివైన దారి, డిసెంబరు ఆఖరి వానల నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచి, జనవరి మొదట్లోనే పని ముగించడం. కారు మొత్తం ఒకేసారి కాకుండా భాగాలుగా విప్పి చేయిస్తే నీళ్లూ తక్కువే పడతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగడం కన్నా ఊరుకోవడం నయం.

ప్రైమర్ ఎంపికలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. బాడీ రేకుకు రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, చాసిస్‌కు జింక్ ఎక్కువున్న ప్రైమర్. రెడ్ ఆక్సైడ్ గేట్లకు, కిటికీ చువ్వలకు చాలు గానీ కారు డోరుకు చాలదు. దాని పొరలోంచి తేమ సులువుగా దూరుతుంది. లప్పం ఎపాక్సీ మీద పెట్టాలి తప్ప గీకిన రేకు మీద నేరుగా పెట్టకూడదు, అది నీళ్లు పీలుస్తుంది. పైన పాలీయురెథేన్ (పీయూ) రంగు కొట్టేటప్పుడు పెయింటర్ సరైన మాస్కు పెట్టుకోవాలి. అందులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెస్తాయి. ఇది కారుకన్నా ముఖ్యం.

రంగు ఆరాక మరిచిపోయేది డోరు లోపలి వైపు. ప్రతి డోరు అడుగునా నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. కొత్త రంగో, అండర్‌కోటింగో వాటిని మూసేస్తే లోపల నీరు నిలిచి, బయట మెరుస్తుండగానే లోపల్నుంచి డోరు కుళ్లుతుంది. ఆ రంధ్రాలు పుల్లతో తెరిచి, డోరు లోపలా చాసిస్ గొట్టాల్లోనూ మైనపు స్ప్రే కొట్టించాలి.

నేటి కార్లు పాతవాటికన్నా చాలా నయం. 1980లో బ్రిటన్‌లో లాన్సియా బీటా కార్లలో ఇంజిన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్‌ను తుప్పు తినేయడంతో కంపెనీ చాలా కార్లను వెనక్కి కొనాల్సి వచ్చింది. అలాంటి దెబ్బల తర్వాత జింక్ పూత రేకులు, బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటుతో ప్రైమర్ పట్టించే పద్ధతి ప్రపంచమంతా స్థిరపడ్డాయి. ఆడి 100 మోడల్‌కు 1985లో పూర్తి జింక్ పూత బాడీ వచ్చింది. అందుకే కొత్త కారు మీద గీత పడితే గ్రైండర్ పట్టడం తప్పు, ఫ్యాక్టరీ ఇచ్చిన జింక్‌ను చేతులారా చెరిపేయడమే. సన్నటి ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, కడిగి, టచప్ చేస్తే సరిపోతుంది.

చివరిగా, ఏది రంగు వేయదగ్గదో ఏది కాదో తేల్చుకోవాలి. డోరు, బోనెట్, మడ్‌గార్డు చిల్లుపడితే కోసి కొత్త రేకు అతికించవచ్చు. కానీ చాసిస్ మీద, సస్పెన్షన్ బిగించే చోట్ల, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, బ్రేకు పైపుల మీద తుప్పు పెచ్చులుగా రాలుతుంటే అది రంగు పని కాదు, ప్రాణం సంగతి. సుత్తితో తట్టి చూడండి. గణగణమంటే లోహం ఉంది. బొదబొదమంటే లేదు. అలాంటి బండికి కొత్త రంగు వేసి అమ్మజూపేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కొనే ముందు బండిని ర్యాంపు ఎక్కించి, అడుగంతా టార్చిలైటు వేసి చూడండి. తాజా నల్లటి అండర్‌కోటింగ్ మందంగా పూసి ఉంటే, దాని కింద ఏముందో గీకి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి.